ఎమ్మిగనూరుకు ఒక వీడియో మంజూరు చేయండి

గ్లాసులో నీళ్లు తొణకలేదు. 2025 జనవరి మొదట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు దేశానికి చూపించిన దృశ్యం అది. కోటా దగ్గర వందే భారత్ స్లీపర్ బండి పరుగు పరీక్షలో గంటకు 180 కిలోమీటర్లు అందుకుంటోంది. బల్ల మీద నిండు గ్లాసు, పక్కన ఫోను తెర మీద వేగం అంకె. చుక్క కూడా వొలకలేదు. దేశం చప్పట్లు కొట్టింది, మేమూ కొట్టినాం. కాకపోతే కర్నూలు జిల్లా పడమటి పక్క వాళ్లం గనక మా చూపు వేగం మీద నిలవలేదు, గ్లాసు మీదే నిలిచింది. నిండుగా ఉంది! కుళాయి మళ్లీ ఎప్పుడొస్తుందో లెక్కపెట్టుకుంటూ ఎండాకాలం గడిపేవాళ్లకు నీళ్లు వొలకకుండా చూసుకునే విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. గ్లాసును ఖాళీగా పెడితే చాలు, ఎంత కుదిపినా వొలకదు. మా పక్క రైలు పథకాలన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

వీడియోకున్న శక్తి రైలింజనుకు లేదని రైల్వే వారికి తెలిసి చాలా కాలమైంది. 2019 ఫిబ్రవరి 10న అప్పటి మంత్రి పీయూష్ గోయల్ గారు తొలి వందే భారత్ దూసుకుపోయే వీడియో ఒకటి పెట్టినారు. అది పక్షా, విమానమా అన్న ధోరణిలో వ్యాఖ్య. చూస్తే నిజంగానే కళ్లు చెదిరినాయి. తర్వాత తేలిందేమంటే, ఎవరో రైలు అభిమాని అంతకు రెండు నెలల ముందు తీసుకున్న వీడియోనే రెట్టింపు వేగంతో తిప్పినారట. అయిదు రోజులకు, ఫిబ్రవరి 15న, అసలు బండికి ప్రధాని పచ్చజెండా ఊపినారు. మరుసటి ఉదయం అది వారణాసి నుంచి తిరిగొస్తూ టూండ్లా దగ్గర నిలబడిపోయింది. బండి ఆగింది గానీ వీడియో ఆగలేదు. ఈ రెండింట్లో ఏది నమ్మదగ్గ వాహనమో మీరే చెప్పండి.

అయినా ఆ రెట్టింపు విద్యను వందే భారత్ మీద వృథా చేసినారు. మా జిల్లాకే వాడి ఉంటే బాగుండేది. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు 123 కిలోమీటర్ల లైను 1996-97లో మంజూరైతే, ఆ దారిన ప్యాసింజరు బండి తిరిగింది 2016 ఆగస్టులో. రెట్టింపు వేగంతో తిప్పినా పదేళ్ల సినిమా.

ఇక ఆదోని, ఎమ్మిగనూరుల సంగతి. ఆదోనికి రైలు కొత్తేమీ కాదు. మద్రాసు వైపు నుంచి మద్రాస్ రైల్వే, బొంబాయి వైపు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే వచ్చి 1871లో రాయచూరు దగ్గర కలుసుకున్నాయి. అప్పటికి బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని ఆ దారిలోనే ఉంది. పత్తి బేళ్లు అటూ ఇటూ పోయినాయి, ఊరికి రెండో ముంబై అని పేరు కూడా వచ్చింది. తెల్లదొర తన పత్తి కోసం వేసుకున్న దారి అది. మన కోసం వేసినాడని నేను అనను. కానీ వేసినాడు. డ్రోను లేదు, నేపథ్య సంగీతం లేదు, 'మీ కలల ప్రయాణం' అన్న మాట లేదు. పట్టాలు మాత్రం నేల మీద ఉన్నాయి.

ఆదోనికి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న ఎమ్మిగనూరులో రైలు తప్ప అన్నీ ఉన్నాయి. మగ్గాలున్నాయి. మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం ఉంది. పుష్యమాసంలో నీలకంఠేశ్వరుడి జాతర ఉంది, దాని వెంట ఎద్దుల సంత ఉంది. రైలెక్కాలంటే మాత్రం ఆదోనికో, కోసిగికో, మంత్రాలయం రోడ్డుకో ముందు బస్సెక్కాలి. మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు రైలు అన్న మాట విన్న పిల్లలు ఇప్పుడు తాతలైనారు. ఆ దారిలో ఇంతవరకూ నడిచింది ఒక్కటే, సర్వే. ఎన్నికలకు ముందు బయలుదేరుతుంది, ఎన్నికలయ్యాక నిలిచిపోతుంది. సమయపాలనలో దాన్ని మించిన బండి దక్షిణ మధ్య రైల్వేలో లేదు. సర్వే వార్త వచ్చిన వారానికే ప్లాట్లు అమ్మేవాళ్ల కరపత్రాల్లో 'ప్రతిపాదిత రైల్వే స్టేషనుకు అయిదు నిమిషాల నడక' అని పడుతుంది. వాళ్లు అబద్ధమాడరు. లేని స్టేషనుకు ఎక్కడి నుంచైనా అయిదు నిమిషాలే.

మా జిల్లా మనిషి కేంద్రంలో రైల్వే సహాయమంత్రి కాలేదా అంటారేమో. ఎందుకు కాలేదు! 2012 అక్టోబరులో కోట్ల జయసూర్యప్రకాశ్‌రెడ్డి గారయినారు, 2014 మే దాకా ఉన్నారు. 2013 ఫిబ్రవరి రైల్వే బడ్జెట్‌లో కర్నూలుకు బోగీల మిడ్‌లైఫ్ వర్క్‌షాపు ప్రకటించినారు. అంటే పన్నెండు పదిహేనేళ్లు తిరిగి అలిసిపోయిన బోగీలను విప్పి, బాగుచేసి, మళ్లీ పట్టాలెక్కించే చోటు. పదేళ్లు దాటినా అది కట్టుబడిలోనే ఉండింది. చివరికి ఆ వర్క్‌షాపుకే మిడ్‌లైఫ్ వచ్చేసింది. దాన్ని ఏ వర్క్‌షాపుకు పంపాలో!

ఏటా ఫిబ్రవరిలో ఇంకో వీడియో వస్తుంది. మంత్రిగారు ఢిల్లీలో కూర్చుని రాష్ట్రానికెంతో చెప్తారు. 2025-26కు ఆంధ్రప్రదేశ్‌కు 9,417 కోట్లు. 2009-14 మధ్య ఉమ్మడి రాష్ట్రానికి ఏటా సగటున 886 కోట్లే. కాబట్టి పదకొండు రెట్లు అంటారు. అంకె పెద్దదే, కాదనను. ఆ తర్వాత పింక్ బుక్ వస్తుంది. ఏ పనికి ఎంతో విడివిడిగా రాసే పుస్తకం. అందులో కొన్ని పనుల ఎదుట వెయ్యి రూపాయలని ఉంటుంది. వెయ్యి కోట్లు కాదు, వెయ్యి లక్షలు కాదు, ఆదోని బజారులో ఇద్దరికి చీరలు తీసుకుంటే అయిపోయే వెయ్యి. పని చచ్చిపోలేదు, ఊపిరుంది అని చెప్పడానికట. వేల కోట్ల అంకె వీడియోలో ఉంటుంది, వెయ్యి రూపాయల అంకె పుస్తకంలో ఉంటుంది. వీడియోను కోట్లమంది చూస్తారు. పుస్తకాన్ని ఎవరు చూస్తారప్పా?

ఇవన్నీ ఆలోచించే నేనొక అర్జీ రాసుకున్నా. ఎమ్మిగనూరుకు రైలు అడగడం మానేద్దాం. వీడియో అడుగుదాం.

లాభాలు చూడండి. వీడియో లైనుకు సెంటు భూమి అక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టం కింద గ్రామసభలు పెట్టక్కర్లేదు, రిజిస్ట్రేషను విలువ ఎంత, మార్కెట్ విలువ ఎంత అని రైతు కోర్టుకెక్కడు. మా నల్లరేగడితో పేచీ ఉండదు. ఇంజనీర్లనడగండి, ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దీని మీద కట్ట పోయాలంటే పైన మందంగా బ్లాంకెట్ పొర వేయాలి, లేకుంటే పట్టాలు ఏడాదికోసారి ఊయలూగుతాయి. వీడియోలో ఈ బాధ లేదు. మ్యాపు మీద ఒక ఆకుపచ్చ గీత మంత్రాలయంలో బయలుదేరి, సర్రున ఎమ్మిగనూరు దాటి, కోడుమూరు పక్కగా కర్నూలు చేరుతుంది. అయిదు సెకన్లు. కాంట్రాక్టరు పారిపోయినాడన్న మాట ఉండదు, ఇసుక దొరకలేదన్న మాట ఉండదు. రాష్ట్రం వాటా రాష్ట్రం ఇవ్వలేదని కేంద్రం, కేంద్రం వాటా కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం చెప్పుకోనక్కర్లేదు. కావాలంటే వీడియో చివర ఇద్దరి ఫోటోలూ వేసుకోవచ్చు. జాగా చాలకపోతే లైను కాస్త కుదిద్దాం.

వీడియో ఎట్లుండాలో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలాంటివి తెగ చూసినాం. మొదట డ్రోను లేస్తుంది. ఎప్పుడూ తెల్లవారుజామునే లేస్తుంది, ఎందుకంటే మధ్యాహ్నం లేస్తే మా ఊళ్లు ఎట్లుంటాయో కనపడిపోతుంది. పొగమంచు ఉండాలి, కర్నూలు జిల్లాలో లేకపోతే కంప్యూటరులో పోయాలి. ఆమీద రాఘవేంద్రస్వామి బృందావనం ఒకసారి, ఆదోని కోట ఒకసారి, మగ్గం మీద నేసే చేతులు మూడు సెకన్లు. ముఖం చూపించకూడదు, ముఖం చూపిస్తే కూలి ఎంతని ఎవరైనా అడుగుతారు. తర్వాత గంభీరమైన గొంతు. ఆ గొంతు పుట్టింది హిందీలో, తెలుగులోకి తర్జుమా అయి వచ్చింది. 'ప్రపంచస్థాయి సౌకర్యాలతో మీ స్టేషన్ ఇప్పుడు సరికొత్త అవతారంలో' అంటుంది. ఎమ్మిగనూరును 'యెమ్మిగనూర్' అని పలికితే పర్లేదు, సర్దుకుంటాం. గుంతకల్లును 'గుంటాకల్' అన్నా ఓర్చుకున్న జనం మేము.

అసలు గమ్మత్తు త్రీడీ బొమ్మలో ఉంటుంది. ఇంకా కట్టని స్టేషను. ముందర పచ్చిక, ఫౌంటెను, అద్దాల గోడ. ఆ స్టేషనులో తిరిగే మనుషులను ఎప్పుడైనా దగ్గరగా చూసినారా? ఒకాయన కోటు తొడుక్కుని చక్రాల సూట్‌కేసు లాగుతుంటాడు. ఒకామె తోపుడు బండిలో పసిబిడ్డను తోసుకుంటూ పోతుంటుంది. ఇద్దరు నిలబడి ల్యాప్‌టాపు చూసుకుంటుంటారు. ఎవరికీ చెమట లేదు. ఎవరూ నేల మీద కూర్చోరు. ఎవరి నెత్తినా మూట లేదు. ఉగ్గాని పొట్లం విప్పేవాడు లేడు, బజ్జీ కొరికేవాడు లేడు. ఈ జనం ఏ దేశం వాళ్లో, ఎమ్మిగనూరుకు ఏ పని మీద దిగినారో రైల్వే వారే కనుక్కోవాలి.

మా స్టేషన్ల జనం వేరే. పంటలు ఎండిన ఏడు, ఎండని ఏడు కూడా, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పక్క ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. సుగ్గికి పోతారు. గుంటూరు మిరపకోతకు, తెలంగాణ పత్తి ఏరడానికి, బెంగళూరు కట్టుబడి పనులకు. పోయేటప్పుడు బియ్యం మూట, జొన్నపిండి, పొయ్యి, గిన్నెలు, మేకపిల్ల ఉంటే మేకపిల్ల, బడి మానేసిన పిల్లలు, అందరూ పోతారు. ఇంటికి ముసలోళ్లు కావలి. ఈ మనుషులు రైలెక్కితే జనరల్ బోగీ తలుపు దగ్గర మూట మీద మూటగా కూర్చుంటారు. రైలు సరిపోకపోతే లారీ. వాళ్లను త్రీడీలో గీయడం నిజంగానే కష్టం. ఒక్కో మూటకు కంప్యూటరు వేడెక్కిపోతుంది.

పట్టాల మీద పనిచేసేవాడు కూడా ఆ బొమ్మలో ఉండడు. ఆదోని, ఇస్వి నడుమ ఎక్కడో మే నెల ఎండలో తన బీటు పొడుగునా సుత్తి భుజానేసుకుని, ఊడిన కీలు కొట్టుకుంటూ నడిచే కీమ్యాను ఉంటాడే, బండి పడిపోకుండా చూస్తున్నది అతనే. అతని మీద ఒక వీడియో తీసి, సంగీతం తీసేసి, ఆ సుత్తి చప్పుడొక్కటే వినిపించమనండి. మొదటి వరుసలో కూర్చుని చూస్తా.

ఆదోనికి, మంత్రాలయం రోడ్డుకు అమృత్ భారత్ స్టేషన్ల జాబితాలో చోటు దొరికింది. మంచిదే, కప్పు కింద నీడ పడితే ఎవరికి చేదు? 2025 మే 22న ప్రధాని రాజస్థాన్‌లో నిలబడి దేశమంతటా 103 స్టేషన్లను ఒక్క వీడియోతో ప్రారంభించినారు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ నూటమూడింట్లో ఉన్నది సూళ్లూరుపేట ఒక్కటే. ఆ విడతలో మాకు వంతు రాలేదు, వస్తుంది. అయితే ఆదోని మనిషి స్టేషన్ మాస్టరును అడిగే ప్రశ్న ముఖద్వారం గురించి కాదు.

"సార్, ఆ బండి మాకాడ నిలబడతాదా?"

2024 మార్చి 12న కలబురగి–బెంగళూరు వందే భారత్‌కు పచ్చజెండా ఊపినారు, అదీ అహ్మదాబాదు నుంచి, వీడియోలోనే. ఆ బండి రాయచూరులో ఆగుతుంది, మంత్రాలయం రోడ్డులో ఆగుతుంది, గుంతకల్లులో ఆగుతుంది. మొదలైననాటి నిలుపుదలల పట్టికలో ఆదోని పేరు లేదు. పట్టాలు ఆదోని మీదుగానే పోతాయి, నారింజరంగో తెలుపో కళ్లారా చూసుకోవచ్చు. ఆదోనికి ఆ బండి కూడా వీడియో కిందే లెక్క. చూడ్డానికి తప్ప ఎక్కడానికి కాదు.

సినిమాకు, రైలుకు సంబంధం ఈనాటిది కాదు లెండి. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో ల్యూమియేర్ సోదరుల బొమ్మలు మనదేశంలో మొదటిసారి ఆడినప్పుడు, వాటిలో ఒకటి స్టేషనుకు రైలు రావడం. నిమిషం కూడా లేని ఆ బొమ్మలో బండి వస్తుంది, ఆగుతుంది, జనం దిగుతారు, ఎక్కుతారు. వ్యాఖ్యానం లేదు. రైలు వీడియో అంటే అంతకుమించి ఏం కావాలో నాకిప్పటికీ అర్థం కాదు.

పని జరుగుతున్న చోట కెమెరా పెట్టడాన్ని తప్పుపట్టడం లేదు. పునాది ఎంత లోతు తీసినారు, కాంక్రీటు ఎప్పుడు పోసినారు, కంకర ఎంత మందం పరిచినారు అని నెలనెలా తీసి పెట్టుకునే బొమ్మలు రేపు వంతెనకు పగులొస్తే సాక్ష్యమిస్తాయి. అలాంటి వీడియోలు బయటికి రావు. వాటిలో సంగీతం ఉండదు, మంత్రి ఉండడు, లోపాలు ఉంటాయి. వచ్చేవి వేరే జాతి.

ఏ వీడియో రావచ్చు, ఏది రాకూడదు అన్నదాంట్లో రైల్వే వారికి స్పష్టత ఉంది. 2024 నవంబరులో రైల్వే బోర్డు అన్ని జోన్లకూ రాసింది. పట్టాల మీద, స్టేషన్లలో ప్రమాదకరంగా రీళ్లు తీసే కుర్రవాళ్ల మీద కేసులు పెట్టండి అని. సబబే, ప్రాణాలు పోతున్నాయి. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషనులో కుంభమేళా జనం తొక్కిసలాటలో 18 మంది చనిపోయినారు. రెండు రోజులకు రైల్వే శాఖ ఎక్స్ సంస్థకు నోటీసు పంపింది, ఆ ఘటన వీడియోలున్న 285 లింకులు తీసేయండి అని. నిండు గ్లాసు వీడియోకు అలాంటి ఇబ్బంది రాలేదు. ప్లాట్‌ఫారాల మీద ప్రధాని నిలువెత్తు బొమ్మ పక్కన సెల్ఫీ తీసుకునే బూతులకూ రాలేదు. సమాచార హక్కు కింద అడిగితే సెంట్రల్ రైల్వే చెప్పిన లెక్క ప్రకారం శాశ్వత బూతుకు 6.25 లక్షలు, తాత్కాలికమైనదానికి 1.25 లక్షలు. పింక్ బుక్ ధరతో పోలిస్తే ఒక్క శాశ్వత బూతుతో 625 కొత్త లైన్లకు ఊపిరి పోయొచ్చు.

కాబట్టి అర్జీలో కొన్ని షరతులు కూడా చేర్చినా. కొత్త లైను మీద జనాన్ని ఎక్కించాలంటే రైల్వే భద్రతా కమిషనరు వచ్చి, ట్రాలీలో పోయి, వంతెనలు తట్టి, వేగం పరీక్షించి సంతకం పెట్టాలి. ఆ కమిషనరు రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. కట్టినవాడే బాగుందని రాసుకోకుండా పెద్దలు పెట్టిన ఏర్పాటు. వీడియోలకూ అలాంటి కమిషనరు కావాలి. ఏ శాఖ కింద పెట్టినా మాకు అభ్యంతరం లేదు, పశుసంవర్ధక శాఖయినా సరే. ఆయన ప్రతి ఫ్రేమూ చూసి, ఇందులో నేల మీద ఉన్నదెంత, ల్యాప్‌టాపులో ఉన్నదెంత అని పక్కన అంకె వేయాలి. మంజూరైన ఏడాది, మొదట చెప్పిన గడువు, ఇప్పుడు చెప్తున్న గడువు, ఈ ఏటి కేటాయింపు – ఈ నాలుగూ వీడియో నడిచినంతసేపూ అడుగున కనపడాలి. సిగరెట్టు పెట్టె మీద బొమ్మ వేసేంత పెద్దగా. ఇవి వేస్తే వీడియో అందం చెడుతుందంటారేమో. చెడనివ్వండి.

త్రీడీ స్టేషనులో కనీసం ఒక సుగ్గి కుటుంబం ఉండాలి, మూటలతో, మేకపిల్లతో సహా. ఒక్క బెంచీ మీదైనా ఎవరైనా పడుకుని ఉండాలి. ఎమ్మిగనూరు పెద్దమనిషి ఒకాయన చొక్కా జేబులో టికెట్టు పెట్టుకుని, బండి ఎంత లేటని ఎదుటివాణ్ని అడగాలి. లేటుందంటే మాకు నమ్మకం కుదురుతుంది. అండర్‌పాసు చూపించదలచుకుంటే వాన పడిన మర్నాడు చూపించండి. అందులో బండి మునిగితే ఫౌంటెను ఖర్చు మిగులుతుంది. మమ్మల్ని మరీ కఠినులనుకోవద్దు, రాఘవేంద్రస్వామి పాట పెట్టుకోనిస్తాం.

విడుదల ఎమ్మిగనూరు జాతరలో, ఎద్దుల సంత మైదానంలో, పెద్ద తెర మీద. చూసేవాళ్లంతా ఎద్దును కొనేముందు నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టే రకం. ముందే చెప్తున్నా.

చివరి మనవి ఒకటుంది సామీ. దయచేసి ఈ వీడియోకు ముందు సర్వే చేయించకండి.